నోటికి అడ్డం పెట్టిన అట్ట

శుక్రవారం ఊరి పేపర్లో కాలేజీ ఆటల డైరెక్టర్ గ్రెగ్ హాల్వర్సన్ ఒక ముక్క అన్నాడు: "మా పూర్తి మద్దతు కోచ్‌కే ఉంది." ప్లమ్ క్రీక్‌లో అది చదివిన ప్రతివాడికీ సంగతి బోధపడింది. కోచ్ డ్వేన్ కుబిచెక్‌కైతే కాఫీ గొంతులో అడ్డం పడింది. చేత్తో బంతి విసిరే అమెరికా ఫుట్‌బాల్ కోచ్‌ల లోకంలో గెలిచేవాడికి ఎవడూ మద్దతు ప్రకటించడు. ప్రకటించారంటే ఇక సామాన్లు సర్దుకోమనే.

"చూశావా లొరేటా, నాకు మద్దతిచ్చారు," అన్నాడు పేపరు బల్ల మీద పారేస్తూ.

"అయ్యయ్యో! అయితే అటక మీంచి పెట్టెలు దింపమంటావా?" అంది భార్య, పిండి చేతులు దులుపుకోకుండానే.

ఆవిడ వేళాకోళం ఆడినా, పెట్టెల సంగతి ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. డ్వేన్ ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఏదో హైస్కూల్లో పొద్దున చరిత్ర పాఠం చెప్పి, మధ్యాహ్నం పిల్లల చీలమండలకు పట్టీలు చుట్టి, శుక్రవారాలు జట్టు బస్సు తనే నడిపేవాడు. ఆ తర్వాత కాన్సాస్‌లో ఒక కాలేజీ, డకోటాలో ఇంకో కాలేజీ. ఊరు మారినప్పుడల్లా గిన్నెలకు కాగితం చుట్టింది లొరేటాయే. చివరికి సొంత రాష్ట్రం నెబ్రాస్కాలో ప్లమ్ క్రీక్ కాలేజీ జట్టు చేతికొచ్చింది. గెలిచిన రోజుల్లో హోటల్లో కాఫీకి డబ్బు తీసుకునేవారు కాదు. ఇప్పుడు క్షవరం చేసేవాడు కూడా మెడ మీద కత్తి పెట్టి, రక్షణ వరుసను ఎలా నిలబెట్టాలో ఆయనకు నేర్పుతున్నాడు.

ఓడిపోవడం కొత్తేమీ కాదు. ఓడిపోతున్న తీరే ఆయన్ను తినేస్తోంది. బంతి దూరంగా విసరమని ఎత్తు వేస్తే, బంతి చేరే చోట అవతలివాళ్లు కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ముందే ఉంటున్నారు. బంతి పొట్టకు హత్తుకుని పరిగెత్తమంటే, ఎదురుగా గోడ కట్టినట్టు నిలబడుతున్నారు. ఒక్క జట్టు కాదు, వచ్చిన ప్రతి జట్టూ అంతే. ఎవరో చెప్పకపోతే ఇలా ఎలా తెలుస్తుంది?

ఆదివారాలు ఆయన ఫిల్ము ముందు కూర్చునేవాడు. కోచ్‌లు చూసే ఫిల్ము వేరు. స్టేడియం కప్పు మీంచి తీస్తారు, మైదానంలో ఇరవై ఇద్దరు మాత్రమే కనిపిస్తారు, గీత అవతల ఎవరున్నారో అందులో ఉండదు. ఆటగాళ్ల కాళ్లు, భుజాలు, చూపులు, అన్నీ వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. ఒక్క తప్పూ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది.

ఎత్తు ఏమిటో అందరికంటే ముందు తెలిసేది ముగ్గురికే. చెవి మైకులో దాన్ని పలికే డ్వేన్‌కు, పక్కనే నిలబడి చేతి సైగలతో మైదానంలోకి అందించే సహాయకుడు రాయ్స్ టాకెట్‌కు, ఆ సైగలు అందుకుని మైదానంలో ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌కు. క్వార్టర్‌బ్యాక్‌ను మార్చి చూశాడు, ఫలితం మారలేదు. ఇక మిగిలింది రాయ్స్.

ఆ పేరు మనసులోకి రాగానే డ్వేన్ తనను తానే తిట్టుకున్నాడు. ఆయన ఇక్కడ తయారుచేసిన మొదటి జట్టులో ఆటగాడు రాయ్స్. తండ్రి పోయిన ఏడాది లొరేటా బల్ల దగ్గరే అన్నం తిన్నాడు. చదువైపోయాక ఇంకెక్కడికీ పోకుండా ఆయన దగ్గరే సహాయకుడిగా చేరాడు. పెద్ద కాలేజీలు పిలిచినా కదల్లేదు. "నా తర్వాత ఈ కుర్చీ నీదేరా," అని డ్వేన్ ఎన్నిసార్లు భుజం తట్టాడో లెక్కలేదు. ఇప్పుడు ఆ మాటే ముల్లులా గుచ్చుకుంది. కుర్చీ కోసం ఎంతకాలమని కాచుకుంటాడు ఎవడైనా?

రెండేళ్ల కిందట కోచ్‌ల సభలో ఎవరో చెప్పారు, పెదవుల కదలిక చూసి మాటలు పట్టేసేవాళ్లను కొన్ని జట్లు జీతమిచ్చి పెట్టుకుంటున్నాయని. ఆ రోజు నుంచి డ్వేన్ నోటికి అట్ట అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎత్తులన్నీ అచ్చువేసిన ప్లాస్టిక్ అట్ట అది, హోటల్ మెనూ అంత ఉంటుంది. దాని చాటున మాట్లాడితే దేవుడికి కూడా వినపడదని ఆయన ధీమా.

మంగళవారం సాధన మధ్యలో రాయ్స్ టోపీ తీసి చేతిలో నలుపుతూ దగ్గరికొచ్చాడు.

"కోచ్, ఒక మాట చెప్తా. కోప్పడకూడదు."

"కోప్పడాలో వద్దో విన్నాక చూద్దాం."

"శనివారం మ్యాచ్‌లో ఆ అట్ట నోటికి అడ్డం పెట్టకండి. అసలు చేతిలోనే పట్టుకోకండి. నాకిచ్చెయ్యండి."

డ్వేన్ కళ్లు చిట్లించాడు. "ఎందుకట?"

"టీవీ రికార్డింగు ఒక్కసారి చూడండి. మీకే తెలుస్తుంది."

"టీవీలో మ్యాచ్ చూడాలా నేను? వ్యాఖ్యానం పేరుతో ఆ ఇద్దరు వాగుడుకాయలూ చెప్పే సోది వినాలా?"

"మాట వినపడకుండా ఆపేసి చూడండి కోచ్. ఒక్క అరగంట. నేను చెబితే మీరు నమ్మరు గానీ..."

"నమ్మనని నువ్వే అంటున్నావుగా. ఇంకెందుకు చెప్పడం?" అని డ్వేన్ ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. కుర్రాళ్లు వరుసల్లోకి పరిగెత్తారు. రాయ్స్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

నోరు దాచుకోవద్దంటున్నాడు! ఎవడికి కనపడాలని? డ్వేన్‌కు ఆ సాయంత్రం అన్నం సహించలేదు. లొరేటా చేసిన చిల్లీ మాంసం కూర గిన్నెలోనే ఉండిపోయింది, దాని పక్కన దాల్చిన చెక్క రొట్టె చల్లారిపోయింది.

అనుమానం ఒకసారి ఇంట్లోకి వచ్చిందంటే దానికి కావలసిన సామాను అదే తెచ్చుకుంటుంది. బుధవారం కాలేజీ పార్కింగులో రాయ్స్ పికప్ బండి వెనక భాగంలో, తాళ్ల కింద ఒక చెక్క బోర్డు కనిపించింది. తాడు పక్కకు జరిపి చూస్తే "ఈ ఇల్లు అమ్మబడును" అని ఉంది. కోచ్ ఓడిపోతే ఆయన ఇంటి ముందు గడ్డిలో జనం పాతే బోర్డు అది. కాన్సాస్‌లో ఉన్నప్పుడు డ్వేన్ దాన్ని చవిచూశాడు. ప్లమ్ క్రీక్ జనం ఇన్ని ఓటములకూ ఒక్క బోర్డు పాతలేదని, తనమీద ఇంకా గౌరవం ఉందని లోపల మురిసిపోతున్నాడు. పాతబోయేవాడు ఎవడో ఇప్పుడు తెలిసింది. ఆయన ఏమీ అనలేదు, తాడు మళ్లీ సర్దేసి వచ్చాడు.

గురువారం ఇంకోటి. సామాన్ల గది వెనక రాయ్స్ ఫోన్లో మాట్లాడుతున్నాడు. డ్వేన్ తలుపు చాటున ఆగాడు. అరవయ్యేళ్లు దాటిన మనిషి అలా పొంచి వినడం సిగ్గుచేటే. ఆయనకు సిగ్గేసింది కూడా. అయినా కదల్లేదు.

"ట్రెంట్, నిజం చెప్పు," అంటున్నాడు రాయ్స్. "మీకందరికీ తెలుసా? ... అంతేనా? ... సరేలే, మా ముసలాయనకి నువ్వు చెప్పావని తెలియకూడదు."

ట్రెంట్ ఓస్టర్‌మన్ అంటే కాన్ఫరెన్స్ అనే తమ కాలేజీల కూటమిలో ఇంకో జట్టు కోచ్. సీజన్ ఆఖరి మ్యాచ్ అతనితోనే. 

అయినా ఆయన తొందరపడదలచుకోలేదు. ఈ వృత్తిలో రహస్యాలు అమ్మాడన్న పేరు ఒకసారి పడితే, ఆ మనిషిని మళ్లీ చిన్నపిల్లల బడిలో కూడా ఈల ఊదనివ్వరు. రాయ్స్‌కు అంతటి పేరు పెట్టాలంటే తిరుగులేని రుజువు కావాలి. అందుకే వల పన్నాడు.

ఆ మధ్యాహ్నమే రాయ్స్‌ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, "శనివారం మొదటి ఎత్తు పొడుగు విసురు. ఇది నీకూ నాకూ తప్ప పురుగుక్కూడా తెలియకూడదు," అన్నాడు.

"మొదటి ఎత్తుకే పొడుగు విసురా? భలే కోచ్!" అని రాయ్స్ సంబరపడ్డాడు. ఆ సంబరం చూసి డ్వేన్‌కు ఒళ్లు మండింది.

శనివారం మొదటి ఎత్తు వచ్చింది. డ్వేన్ ఆఖరి క్షణంలో మనసు మార్చుకున్నట్టు నటించాడు. ఇది జీవితంలోకెల్లా ముఖ్యమైన ఎత్తు. అట్టను ముక్కు దాకా ఎత్తి, దాని చాటున మైకులో, "పరుగు, కుడివైపు," అన్నాడు. రాయ్స్ ఆశ్చర్యంగా చూసి సైగ చేశాడు. బంతి కదిలింది. అవతలి జట్టు వెనక వరుస మొత్తం ఆకాశం వైపు చూస్తూ వెనక్కి పరిగెత్తింది, పొడుగు విసురు వస్తుందని. ఖాళీ అయిపోయిన నేల మీద బంతి అందుకున్న కుర్రాడు హాయిగా పరిగెత్తుకుంటూ పోయాడు. ఆ ఏడాదిలోకెల్లా అదే గొప్ప పరుగు. స్టేడియం లేచి నిలబడి ఈలలు వేసింది. రాయ్స్ గంతులేసి ఆయన్ను కావలించుకున్నాడు.

డ్వేన్ ఆ చేతులు విడిపించుకున్నాడు. వాళ్లు విసురు కోసం కాచుకున్నారు. విసురు అని తను చెప్పింది ఒక్కడికే.

ఆ మ్యాచ్ కూడా ఓడిపోయారు.

సోమవారం పొద్దున హాల్వర్సన్ గదికి వెళ్లి జరిగింది చెప్పాడు. ఆయన కుర్చీలో ముందుకు వంగి విన్నాడు. "ఇంట్లోనే ఉన్నాడా దొంగ! ఈ సంగతి ముందే తెలిసుంటే నీ ఓటములు నీ ఖాతాలో వేసేవాళ్లమే కాదు డ్వేన్. వాణ్ణి పంపించెయ్. వచ్చే ఏడాదికి నీకు ఏ ఢోకా లేదు," అన్నాడు. పోయిందనుకున్న ఉద్యోగం తిరిగొచ్చింది. డ్వేన్‌కు సంతోషం కలగాలి, కలగలేదు.

రాయ్స్ పిలవగానే కాఫీ కప్పుతో వచ్చాడు. డ్వేన్ కప్పు వైపే చూస్తూ, "తాళాలూ ఈలా ఇక్కడ పెట్టి వెళ్లు. మొదటి ఎత్తు ఎవరికి చెప్పావో నన్ను అడగనివ్వకు," అన్నాడు.

రాయ్స్‌కు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక కప్పు బల్ల మీద పెట్టాడు.

"నేనా? నేను అమ్ముకున్నానంటారా కోచ్?"

"నోరు దాచుకోవద్దన్నది నువ్వు. ట్రెంట్‌తో చాటుగా మాట్లాడింది నువ్వు. ఇంకా చెప్పమంటావా?"

"టీవీ రికార్డింగు చూశారా లేదా?"

"చూడను."

 రాయ్స్ మెడలో ఈల తీసి బల్ల మీద పెట్టాడు, తాళాలు దాని పక్కన పెట్టాడు. "ఇన్నేళ్లూ మీరు ఏమడిగితే అది చేశాను. దొంగను కానని రుజువు చేసుకోమంటే మాత్రం చెయ్యను. అది మీరు అడగకూడదు," అని వెళ్లిపోయాడు. కాఫీ అక్కడే వదిలేశాడు.

ఇంట్లో లొరేటా విని, "రాయ్స్‌నా? నీకు మతి పోయిందా?" అంది. ఆ వారమంతా ఆయనతో అవసరమైనంత వరకే మాట్లాడింది. గురువారం కోచ్‌ల కోసం చేసే కొలాచీలు, ఆ జామ్ నింపిన బన్నులు, చెయ్యలేదు. పొయ్యి వెలిగించకుండా, వాటిలో పెట్టే ఆల్‌బుఖారా జామ్ డబ్బా మూత గట్టిగా బిగించి లోపల పెట్టేసింది.

ఆఖరి శనివారం ట్రెంట్ జట్టు వచ్చింది. రాయ్స్ చోట డ్వేన్ ఒక కొత్తవాణ్ణి నిలబెట్టాడు, సైగలన్నీ కొత్తగా మార్చాడు. ఇక ఎవడు చెప్తాడో చూస్తానని అట్ట పట్టుకుని గీత దగ్గర నిలబడ్డాడు. మొదటి విసురు దగ్గరికే వాళ్లు ముందు చేరిపోయారు. రెండోదీ అంతే. పరుగు ఎత్తు వేస్తే గోడ. రాయ్స్ లేడు, పాత సైగలు లేవు, అయినా వాళ్లకు అన్నీ తెలిసిపోతున్నాయి. సగం మ్యాచ్ అయ్యేసరికి డ్వేన్‌కు ఆట మీద ధ్యాస పోయింది. కొత్తవాణ్ణి అనుమానంగా చూశాడు. నీళ్లు అందించేవాణ్ణి చూశాడు. ఆఖరికి అనుమానించడానికి ఎవరూ మిగల్లేదు. ఆయనకు భయం వేసింది.

మ్యాచ్ ముగిశాక ఇద్దరు కోచ్‌లూ మైదానం నడిమధ్య చేతులు కలపాలి. ట్రెంట్ ఆయన చెయ్యి వదల్లేదు.

"మీ రాయ్స్ ఏడి కోచ్?"

"నీకు తెలియదా? నీ మనిషేగా."

"నా మనిషా?" ట్రెంట్ తెల్లబోయాడు. "కోచ్, సీజన్ అయిపోయింది కాబట్టి చెప్తున్నా. మీరు బంతి విసరాలనుకున్నప్పుడే అట్ట నోటికి అడ్డం పెడతారు. పరుగు ఎత్తైతే అట్ట నడుం దగ్గరే ఉంటుంది. రెండేళ్లుగా అంతే. కాన్ఫరెన్స్‌లో ప్రతి జట్టూ ఒక మనిషిని మీ అట్ట చూడ్డానికే పెట్టింది. అట్ట లేస్తే విసురు, లేవకపోతే పరుగు. మీ రాయ్స్ టీవీలో చూసి పట్టేశాడు. నిజమేనా అని నాకు ఫోన్ చేశాడు. నేను చెప్పకూడదు, కానీ కాదనలేకపోయాను."

డ్వేన్ చేతిలోని అట్ట వైపు చూసుకున్నాడు.

"పోయిన వారం మొదటి ఎత్తులో అట్ట లేపి పరుగు వేశారు కదా," అన్నాడు ట్రెంట్. "వాళ్ల కోచ్ నాకు చెప్పాడు, ఇక ముసలాయనకు తెలిసిపోయింది, మన పని అయిపోయిందని. మరి మళ్లీ పాత పద్ధతికే ఎందుకొచ్చారు?"

ఆదివారం పొద్దున డ్వేన్ చర్చికి వెళ్లలేదు. లొరేటా పక్కన కూర్చుని, మాట వినపడకుండా ఆపేసి, టీవీ రికార్డింగు చూశాడు. తను చూసే ఫిల్ములో ఎన్నడూ కనపడని మనిషి అందులో కనిపించాడు: నెరిసిన మీసంతో, చెవికి మైకుతో, తనే. పరుగు అన్నప్పుడు ఆ ముసలాడు నిర్లక్ష్యంగా గాల్లోకి చెప్పేస్తున్నాడు. పరుగులో దాచడానికేముంది, నిద్రలో కూడా పిలవగలడు. బంతి చెయ్యి దాటిపోయే విసురంటేనే ఆయనకు బెదురు. అప్పుడు మాత్రం అట్ట లేస్తోంది. ఒక్కసారి కూడా తప్పలేదు.

"మన గడ్డిలో పాతడానికి పెట్టుకున్న బోర్డు కూడా వాడి బండిలో చూశాను," అన్నాడు లొరేటాతో.

"ఏ బోర్డు? ఇల్లు అమ్మబడునా?" అంది లొరేటా. "ఓడిపోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు పాతుతూనే ఉన్నారు. నువ్వు లేచేలోపు వాడొచ్చి పీకి పట్టుకుపోతున్నాడు. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు. నిన్నటిది చూడు, ఇవాళ వాడు రాలేదుగా."

డ్వేన్ కిటికీ తెర తొలగించాడు. గడ్డిలో బోర్డు నిటారుగా నిలబడి ఉంది.

 ఆయన తెర వదిలేసి హాల్వర్సన్‌కు ఫోన్ చేశాడు.

"గ్రెగ్, దొంగ దొరికాడు. రాయ్స్ కాదు, నేను."

"ఏం మాట్లాడుతున్నావు డ్వేన్? నిన్ననే ట్రస్టీలకు నీ సంగతి చెప్పి ఒప్పించాను."

"ఒప్పించినవాళ్లకే మళ్లీ చెప్పు. రాయ్స్ ఏ తప్పూ చెయ్యలేదని రేపటి పేపర్లో వెయ్యి. నాకిచ్చిన మద్దతు సంగతి ఇక మర్చిపో." డ్వేన్ ఫోన్ పెట్టేశాడు. ఇన్నేళ్ల కొలువు అంత చిన్న మాటతో పోతుందని ఆయన అనుకోలేదు.

బయటికొచ్చి బోర్డు తనే పీకి బండిలో వేసుకుని రాయ్స్ ఇంటికి వెళ్లాడు. ఇంటి ముందు రాయ్స్ పికప్‌లోకి అట్టపెట్టెలు ఎక్కిస్తున్నాడు. ఆయన్ను చూసి చేతిలో పెట్టె దింపలేదు, పలకరించలేదు.

"ఎక్కడికిరా?"

"మా బావమరిదికి విత్తనాల కొట్టుంది, అయోవాలో. నన్ను కోచ్‌గా పెట్టుకునేవాళ్లు ఎవరున్నారు ఇప్పుడు?"

డ్వేన్ దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. తీరా ఇక్కడికొచ్చాక ఒక్కటీ గుర్తులేదు.  నోరు తెరిచాడు. తనకు తెలియకుండానే కుడిచెయ్యి పైకి లేచి నోటికి అడ్డం వచ్చింది.

రాయ్స్ ఆ చెయ్యి వైపు చూశాడు. ఎత్తిన పెట్టెను మెల్లగా కింద పెట్టాడు.

"సరే కోచ్," అన్నాడు. "చెయ్యి లేచిందంటే పరుగు ఎత్తు కాదని తెలుసు. తియ్యండి. చెప్పేది నా ముఖం చూసి చెప్పండి."

డ్వేన్ చెయ్యి దించాడు.